పుట్టకు అటూ ఇటూ

మా తాత తన చేనుని ఇద్దరు కొడుకులకూ పంచినప్పుడు హద్దురాళ్ళు పాతించలేదు. శావల్యాపురం నుంచి ఈపూరు వైపు పోయే దారిలో, రోడ్డుకు కాస్త లోపలగా ఉంటుంది ఆ చేను. దాని నడిమధ్యలో మనిషెత్తు పుట్ట ఉండేది. తాత ఆ పుట్ట పక్కన నిలబడి, "పుట్టకి పడమర పెద్దోడిది, తూరుపు చిన్నోడిది" అన్నాడు. అంతటితో పంపకం అయిపోయింది. సర్వేయర్ని పిలిపించి గొలుసు పట్టిస్తే మంచిదని పక్క చేను ఆసామి అంటే తాత నవ్వాడట. "రాయి పాతితే ఏదో ఒకనాడు పీకి అవతల పెట్టుకుంటారు. పుట్టనెవడు ముట్టుకుంటాడ్రా?" అన్నాడట.

ఆ తెలివికి ఊరంతా మెచ్చుకుంది. మెచ్చుకోదగ్గదే. మా వైపు పుట్టకి పోటు పొడిచే మగాడు లేడు. లోపల నాగమ్మ ఉంటుంది. దున్నడానికి వచ్చిన ట్రాక్టరు డ్రైవరు, వాడు ఎంత పొగరుబోతైనా సరే, పుట్ట దగ్గర స్టీరింగు తిప్పేసి చుట్టూ పోతాడు. తాత చేసిన పొరపాటు ఒక్కటే. పుట్ట కదలదనుకున్నాడు.

నేను నరసరావుపేటలో ఇంటర్ పిల్లలకు జువాలజీ చెబుతాను. పుట్టని కట్టేది పాము కాదు, చెదపురుగు అని ప్రతి ఏడూ ఒక క్లాసులో చెప్పాల్సి వస్తుంది. "మరి పామో మేడమ్?" అని ఎవరో ఒకరు అడుగుతారు. "అది అద్దెకు దిగింది, అద్దె కూడా కట్టదు" అంటాను. నవ్వుతారు. కట్టిన వాళ్ళ సంగతి మాత్రం ఎవరికీ పట్టదు. ఒక రాణి, ఒక రాజు, కాపలాకి సిపాయిలు, మిగిలినదంతా కూలి జనం. ఆ కూలీలకు కళ్ళుండవు. ఎండుటాకులూ పుల్లలూ నమిలి లోపల గదుల్లో పరిచి, వాటి మీద బూజు పండించుకుని తింటాయి. అంటే మా చేలో మాకంటే ముందు నుంచే సేద్యం చేస్తున్నవాళ్ళు వాళ్ళు. వానకి ఒక పక్క కరిగితే తెల్లారేసరికి మళ్ళీ మెత్తుకుంటాయి. మెత్తడం మాత్రం తేమ ఎటుంటే అటు. మా తాత ఏం చెప్పి పోయాడో వాటికి తెలియదు కదా.

మా నాన్న చిన్నకొడుకు. ఆయన తన తూర్పు చెక్కలో బోరు వేయించి మిరప పెట్టాడు. తేమ అటు చేరింది. ఏటేటా పుట్ట పడమటి పక్క కరిగిపోతూ, తూర్పు పక్క లావెక్కుతూ వచ్చింది. మనిషి రోజూ చూస్తూ ఉంటే తెలియని మార్పు అది. మా పెదనాన్న ఒక వేసవి దుక్కిలో గమనించాడు. గమనించి ఊరుకోలేదు. గట్టు తీసి, పుట్ట ఇప్పుడు ఎక్కడుందో దానికి ఆనించి కొత్త గట్టు వేశాడు. మా వైపు నాలుగు సాళ్ళు పోయాయి.

"పుట్టకి పడమర నాదన్నాడు నాన్న. పుట్ట ఏడుందో కళ్ళు పెట్టి చూసుకో" అన్నాడు పెదనాన్న.

"నాన్న ఆ మాటన్న రోజు ఏడుందో అది చెప్పు ముందు" అన్నాడు మా నాన్న.

ఇద్దరూ తాత మాటనే పట్టుకున్నారు. ఇద్దరిదీ న్యాయమే, అదే వచ్చిన చిక్కు. పెద్దమనుషులు కూర్చున్నారు, టీలు తాగారు, పుట్ట చుట్టూ తిరిగి చూశారు. చివరికి వాళ్ళలో ఒకాయన "ఇది మావల్ల కాదు గానీ, పుట్టనే అడగండయ్యా" అని కండువా దులుపుకుని లేచాడు. నాలుగు సాళ్ళ కోసం ఇద్దరన్నదమ్ములూ మాటలు మానేశారు. గోటితో పోయేదానికి గొడ్డలి ఎత్తడం మా వాళ్ళకు కొత్త కాదు. మా నాన్నకి అప్పటిదాకా పార్టీ అంటూ ఏదీ లేదు. పెదనాన్న ఎటున్నాడో కనుక్కుని, రెండోది తను తీసుకున్నాడు. అంతకుముందు నోరు తెరిస్తే "అన్నా" అనేవాడు, ఆ మాట కూడా ఎత్తడం మానేశాడు. "పడమటోళ్ళు" అనడం మొదలుపెట్టాడు. అక్కడ మేము "తూరుపోళ్ళం" అయ్యామని కూలీల ద్వారా తెలిసింది.

ఈ గొడవలో ఎవరూ అడగని మనుషులు ఇద్దరున్నారు. ఒకరు మా అమ్మ, ఇంకొకరు పెద్దమ్మ. అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందని సామెత. మా ఇంట్లో అత్త తిట్టినప్పుడు కళ్ళు తుడిచేది తోడికోడలే. అమ్మ కాపురానికి వచ్చినప్పుడు సంగటి ముద్ద చేయడం నుంచి పురుళ్ళ దాకా అన్నీ పెద్దమ్మే చూసింది. పిల్లల్లేని పెద్దమ్మ చంకలోనే నేను పెరిగాను. అలాంటి వాళ్ళిద్దరూ ఒకే బజారులో ఉంటూ, బస్సెక్కాల్సి వస్తే ఒకరు ముందు తలుపు, ఒకరు వెనక తలుపు ఎక్కేవాళ్ళు. ఒకసారి అమ్మ బియ్యం ఏరుతూ నాతో అంది: "మీ నాన్న మానుకుంది తోడబుట్టినోడితో. ఆయన ఇష్టం. మరి నేను దేనికి మానుకున్నానే? నాకు ఈ ఊళ్ళో ఆమె తప్ప ఎవరున్నారు?" ఏరిన బియ్యమే మళ్ళీ ఏరుతోంది.

నాగులచవితి వచ్చిందంటే పెద్దమ్మ పొద్దున్నే వెళ్ళి పుట్టలో పాలు పోసి వచ్చేది. ఆమె ఇల్లు చేరిందని తెలిశాక అమ్మ బయలుదేరేది. అక్కడ పెద్దమ్మ పెట్టిపోయిన చిమ్మిలి ముద్దలూ, పసుపూ, బొట్లూ ఉండేవి. అమ్మ వాటి ముందు నిలబడి వార్తలు చదివినట్టు చదివేది. "బొట్లు వంకర పోయాయి. అక్కకి చెయ్యి వణుకుతుందే" అనేది. ఇంకో ఏడు "ఈసారి కూర్చోలేక పోయింది, నిలబడే పాలు పోసింది, చూడు ఎంత దూరం చిందాయో" అంది. అన్ని పాలు పోస్తే లోపల బూజు తోటలు పాడవుతాయని చెప్పబోయి ఊరుకున్నాను. వినే మనిషి కాదు అప్పుడు.

అలా ఉండగా మా చెల్లి పెళ్ళి కుదిరింది. మాఘమాసంలో ముహూర్తం, వినుకొండలో కల్యాణమండపం. పెళ్ళికి ముందు పుట్టబంగారం తేవాలి. బంగారమంటే పుట్ట మన్నే. పేరంటాళ్ళు మేళంతో వెళ్ళి, పుట్టకు పూజ చేసి, గునపంతో నాలుగు పెళ్ళలు తవ్వి గంపలో తెస్తారు. ఆ మన్నుని మట్టి మూకుళ్ళలో పోసి నవధాన్యాలు చల్లి మొలకలెత్తిస్తారు. ఈ పని లేకుండా మా ఇళ్ళల్లో పెళ్ళి లేదు. మా ఇంటికి మాత్రం ఇంకో ఆనవాయితీ ఉంది. మొదటి పోటు ఇంటి పెద్దకోడలే వేయాలి. ఇది నాయనమ్మ పెట్టింది. నా పెళ్ళికి పెద్దమ్మే వేసింది, అప్పటికి గొడవ లేదు.

వేరే పుట్ట చూసుకుందామంటే చుట్టుపక్కల మిగిలి ఉంటేగా. రోడ్డు వెంట ఉన్న పుట్టలన్నీ ప్లాట్లు వేసినవాళ్ళు జేసీబీతో చదును చేశారు. జేసీబీకి నాగమ్మంటే భయం లేదు. ఉన్నదల్లా ఆ హద్దు పుట్టే.

"ఆ గుమ్మం తొక్కి పిలిచేది లేదు" అన్నాడు నాన్న. "మా చెల్లెలు వేస్తుందిలే మొదటి పోటు. ఎవరు పొడిస్తే ఏంది, మన్ను మన్నే."

అమ్మ సరేనంది. అమ్మ సరేనందంటే నాకు ఎప్పుడూ అనుమానమే.

పుట్ట దగ్గరికి మేము చేరేసరికి ఎండ చురుక్కుమంటోంది. మేళం వాళ్ళు ఇద్దరు, పేరంటాళ్ళు ఓ పది మంది. అవతల పడమటి చెక్కలో పెద్దమ్మ కూలీలతో కలిసి మిరపకాయలు కోస్తోంది. మేళం వినపడే ఉంటుంది, తల ఎత్తలేదు. అమ్మ పుట్ట చుట్టూ నీళ్ళు చల్లి, పసుపు పూసి, కుంకుమ పెట్టి, పాలు పోసింది. అంతా అయ్యాక మేనత్త గునపం కోసం చెయ్యి చాపింది. అమ్మ ఇవ్వలేదు. గునపం నేలకి ఆనించి రెండు చేతులతో పట్టుకుని అలాగే నిలబడింది. డోలు వాయించే అతను కాసేపు వాయించి, ఏమైందో తెలియక నెమ్మది చేశాడు. "వర్జ్యం వస్తుంది వదినా" అని మేనత్త గొణిగింది.

మాటలు లేని ఇళ్ళల్లో మా వైపు ఒక పద్ధతి ఉంది. చెప్పాల్సిన మాటని మనిషితో చెప్పరు. గోడకో, కోడికో, పొయ్యికో చెబుతారు. వినాల్సిన వాళ్ళు వింటారు, జవాబు కూడా ఆ గోడకే చెబుతారు. అమ్మ ఆ రోజు పుట్టకి చెప్పింది. అవతల చేను దాకా వినపడేలా చెప్పింది.

"అమ్మా నాగమ్మా! మా ఇంట్లో మొదటి పోటు పెద్దకోడలిది. ఆమె చెయ్యి పడకపోతే నీ మన్ను తీసుకుపోయే రాత మాకు లేదనుకుంటా. నేనీడే నిలబడతా."

మిరప సాళ్ళలో కూలీలు నడుములెత్తారు. పెద్దమ్మ వంగినది వంగినట్టే ఉంది. కాయలు కోస్తూనే అంది.

"నాగమ్మ తల్లీ, బొట్టు పెట్టి పిలవకుండా పేరంటానికి పొయ్యే అలవాటు మాకు లేదని చెప్పు."

"గుమ్మం తొక్కొద్దన్నారు తల్లీ, అందుకని రాలా. చేలో గుమ్మం లేదుగా. వస్తున్నానని చెప్పు" అంది అమ్మ.

అమ్మ గునపం నా చేతిలో పెట్టి, కుంకుమ భరిణ తీసుకుని గట్టు దాటింది. మిరప చెట్ల మధ్యలో చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని పోయింది. పెద్దమ్మ అప్పుడు లేచి నిలబడింది. లేవడానికి మోకాలి మీద చెయ్యి వేసుకోవాల్సి వచ్చింది. అమ్మ బొట్టు పెట్టి చేతులు పట్టుకోబోతే ఆమె వెనక్కి లాక్కుంది. "మిరపకాయ చేతులే, ముట్టుకోబాకు, మండిద్ది" అంది. వాళ్ళిద్దరి మధ్య అన్నేళ్ళ తరువాత మొదటి మాట అది. అమ్మ పట్టుకోనే పట్టుకుంది. ఆ సాయంత్రం దాకా చేతులు మండుతున్నాయని అందరికీ చెప్పుకుంది.

పెద్దమ్మ బిందెలో నీళ్ళతో చేతులు కడుక్కుని, పుట్టకు దణ్ణం పెట్టి, గునపం ఎత్తి ఒక్క పోటు వేసింది. బతికున్న పుట్ట లోపలి మన్ను చల్లగా, తడిగా వస్తుంది. పెళ్ళ విరిగిందంటే తెల్లటి పురుగులు బిలబిలమంటూ బయటికి వస్తాయి. సిపాయిలు ముందు, కూలీలు వెనక. ఆ రోజు ఏమీ రాలేదు. బూడిదలాంటి పొడి రాలింది. పెద్దమ్మ ఇంకో పెళ్ళ తీసి చేత్తో నలిపింది. లోపల బూజు తోట ఎండిపోయి, పాతబడిన రస్కు ముక్కలా పొడిపొడి అయింది. ఆమె దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. మిరప పండించే ఇళ్ళల్లో ఏది చచ్చినా ముందు పురుగుమందు వాసన ఉందేమో చూస్తారు.

డోలు మోగుతోంది కాబట్టి వాళ్ళ మాటలు గంప పట్టుకుని పక్కనే ఉన్న నాకు తప్ప ఎవరికీ వినపడలేదు.

"ఏమే, ఇది చచ్చిపోయింది" అంది పెద్దమ్మ.

అమ్మ మొహం తెల్లబోయింది.

"మా ఆయనే పోసుంటాడే. పోయినేడు మిరప మొక్కలకి చెద పట్టిందని మందు డబ్బా తెచ్చాడు. మిగిలింది ఏం చేశాడో నేనడగలా. పాపం మా ఇంటిదే."

"కాదక్కా, మా ఆయనే" అంది అమ్మ. "ఇంకా ఇటు జరక్కుండా చేస్తా దీని సంగతి అని ఒకసారి నోరు జారాడు. నేను విననట్టు ఊరుకున్నా. మా పాపమే."

పాపం నాదంటే నాదని ఇద్దరూ పోట్లాడుకున్నారు. నా చదువు ప్రకారం ఇద్దరిదీ కాకపోవచ్చు. రాణి ముసలిదై చచ్చిపోతే పుట్ట ఆగిపోవచ్చు. అటూ ఇటూ పత్తికీ మిరపకీ ఏళ్ళ తరబడి కొట్టిన మందులన్నీ కలిసి చంపి ఉండొచ్చు. ఆ పాఠం చెప్పే చోటు కాదది. అక్కడ నాకు బాధ వేసింది పుట్ట గురించా, వాళ్ళ గురించా అంటే, నిజం చెప్పొద్దూ, పుట్ట గురించి కూడా వేసింది.

"మగాళ్ళకి తెలియకూడదే" అంది పెద్దమ్మ. "పుట్ట చచ్చిందంటే నువ్వు పోశావంటే నువ్వు పోశావని తలకాయలు పగలగొట్టుకుంటారు. ఇప్పటిదాకా మాటలతో పోయింది." ఆమె గంప నింపి నా నెత్తిన పెట్టింది. "మేళం ఆపొద్దని చెప్పు, ఆపితే అందరూ చూస్తారు."

పెళ్ళికి ఆమె రాలేదు. రానియ్యరని అందరికీ తెలుసు. చచ్చిన పుట్ట మన్నులో నవధాన్యాలు మాత్రం జంకూ గొంకూ లేకుండా మొలిచాయి.

చచ్చిన పుట్టతో వచ్చే బాధ వానాకాలంలో తెలుస్తుంది. కరిగింది కరిగినట్టే ఉంటుంది, మెత్తేవాళ్ళుండరు. తొలకరి వానకే పుట్ట భుజం జారిపోయింది. మర్నాడు పొద్దున అమ్మ బిందె తీసుకుని "నాగమ్మకి నీళ్ళు పోసొస్తా" అని బయలుదేరింది. అవతల నుంచి పెద్దమ్మ కూడా అదే మాట చెప్పి వచ్చింది. ఇద్దరూ ఎర్రమన్ను నానబెట్టి, పిసికి, జారిన చోటల్లా మెత్తారు. ఆ తరువాత వాన పడ్డప్పుడల్లా ఇదే పని. చెదపురుగులు చేసే కొలువు తోడికోడళ్ళిద్దరికీ వచ్చిపడింది. అడ్డంగా ఎక్కడా జరక్కుండా అటు ఎంతో ఇటూ అంతే మన్ను వేసేవాళ్ళు. పెద్దమ్మ నాకు ఫోన్ చేసి, "ఏమే, నువ్వు చదువుకున్నావుగా, కన్నాలు ఏ పక్క పెడతాయే అయ్యి?" అని అడిగింది. నేను ఫొటోలు పంపాను. పంపినవి చూసి చిటికెన వేళ్ళతో పొడిచారు. నా డిగ్రీ వల్ల మా ఇంటికి కలిగిన ఉపకారం అది ఒక్కటే.

అమ్మ ఫోన్లో పెద్దమ్మ నంబరు "పాలామె" అని ఉండేది. పెరట్లో నిలబడి గొంతు తగ్గించి మాట్లాడేది. పాలామెతో అంతసేపు ఏం మాటలని నాన్న ఎప్పుడూ అడగలేదు. పుట్ట జరగడం ఆగిపోయింది కాబట్టి గట్టూ ఆగిపోయింది. వీళ్ళ భక్తి ఎక్కువైందని మాత్రం అక్కడ పెదనాన్నా ఇక్కడ నాన్నా విసుక్కునేవాళ్ళట. అమ్మ అంత కులాసాగా ఉండడం నేను చాలా ఏళ్ళ తరువాత చూశాను. ఆమెకు కావలసింది నేల కాదు, వాన పడిన మర్నాడు పొద్దున.

పోయిన కార్తీకంలో తుఫాను వాన విడవకుండా కురిసింది. ఆదివారం సెలవని నేను ఊళ్ళోనే ఉన్నాను. వాన వెలిశాక అమ్మతో పాటు నేనూ చేనుకి వెళ్ళాను. పెద్దమ్మ మాకంటే ముందే వచ్చి, బకెట్ కింద పెట్టి, పుట్టకేసి చూస్తూ నిలబడి ఉంది. పుట్టకు పడమటి పక్కంతా అప్పుడే ఎవరో మన్ను మెత్తారు. మన్ను ఇంకా తడిగా ఉంది. దాని మీద అరచేతి ముద్రలున్నాయి. అమ్మ ఒక ముద్రలో తన చెయ్యి పెట్టి చూసింది. చుట్టూ ఇంకా చోటు మిగిలింది. మగ చెయ్యి.

పెద్దమ్మ అమ్మ వైపు తిరిగింది.

"మా వైపు మెత్తితే ఎవరి నేల పోతదే? మాదేగా. మా వైపుకి పుట్టని నెట్టాల్సిన అవసరం ఎవరికుంది?"

"అక్కా, ఆయన..."

"నేనేం అనలా. నేల పోతే పోయింది. మనం ఇన్నాళ్ళు చేసింది ఇందుకా అంటున్నా." ఆమె బకెట్ తీసుకుని వెళ్ళిపోయింది. అవతలి పక్క ఎలా ఉందో చూడాలని మాలో ఎవరికీ తోచలేదు. అమ్మ పిలవలేదు. మళ్ళీ ఆ బస్సు ముందు తలుపూ వెనక తలుపూ బతుకు వస్తుందని ఆమె భయం. నాకూ భయం వేసింది.

మధ్యాహ్నం నాన్న అన్నానికి కూర్చున్నాడు. అమ్మ పప్పు వడ్డించి, ఎదురుగా నిలబడి అడిగేసింది.

"పుట్టకి పడమటి పక్క మన్ను మెత్తింది నువ్వేనా?"

నాన్న ముద్ద కలుపుతున్నాడు. "నేనెందుకు మెత్తుతా అటు? అది అన్న మెత్తింది" అన్నాడు.

అన్న. ఆ మాట ఆ ఇంట్లో విని ఎన్నాళ్ళయిందో.

"పొద్దున వాన తగ్గంగానే పోయా. అప్పటికే వంగి మెత్తుతున్నాడు. నేను పక్క కంది చేలో కూర్చున్నా. ఆయన పోయినాక మన వైపు నేను మెత్తా. పోయి చూసుకో, తూరుపు పక్క. అది నాది. ఆయన పక్క నిలవదు, మన్ను పదును ఆయనకి ఏనాడూ తెలవదు."

"పుట్ట చచ్చిపోయిందని మీకెట్టా తెలుసు?" అన్నాను నేను.

"బతికున్న పుట్టకి మనుషులు మెత్తుతారటే?" అన్నాడు నాన్న. "ఆడోళ్ళిద్దరూ బిందెలు మోసుకుంటా పోతుంటే తెలవదా? మాకు తెలవదు అనుకుంటున్నారని ఊరుకున్నాం." ఊరుకున్నాం అన్నాడు, ఊరుకున్నా అనలేదు.

అమ్మ గరిటె గిన్నెలో వదిలేసి ఫోను నా చేతికిచ్చింది. "పాలామెకి చెయ్యి. స్పీకర్ పెట్టు" అంది. నాన్న ఎదురుగానే. పెద్దమ్మ ఎత్తింది. అమ్మ గట్టిగా, పెరట్లోకి పోకుండా, నట్టింట్లో నిలబడి చెప్పింది.

"అక్కా, మీ వైపు మెత్తింది మీ ఆయనేనంట. ఈయన కళ్ళారా చూశాడంట. మా వైపు ఈయన మెత్తాడంట. ఎవరి నేల వాళ్ళే పోగొట్టుకున్నారు, మనమేం చేస్తాం! ఇంకోటి, మీ ఆయనకి మన్ను పదును తెలవదంట."

అవతల పెద్దమ్మకి నవ్వో ఏడుపో వచ్చింది. ఆ వెనక నుంచి పెదనాన్న గొంతు వినపడింది, కోపంగా.

"పదును తెలవదా? ఎవడే అన్నది?"

నాన్న చేతిలో ముద్ద అలాగే ఉంది. ఫోను వైపు తల తిప్పి అన్నాడు.

"నేనే అన్నా."

చెప్పింది నేనేనని ఒప్పుకున్నాడో, అన్నని పిలిచాడో నాకు ఇప్పటికీ తేలలేదు. రెండింటికీ మాట ఒక్కటే మరి. ఫోన్లో పెదనాన్న "ఏందిరా" అన్నాడు.